తెల్లవారుజాము ఒక్కటే: తవ్వకమా, శిలలా, తోడేళ్లా?

తోడేలు బయట తిరిగేదీ, రాతి మీద అరిగిపోయిన గీత కంటికి ఆనేదీ ఒకే వేళకు. పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు. ఆ తర్వాత తోడేలు ఏ పొద నీడనో పడుకుంటుంది, ఎండ నెత్తికెక్కి రాయి నున్నగా బోసిపోతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఎంత లాక్కున్నా నాలుగు రోజులకు మించి సెలవు దొరకని వాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. పాత రాళ్ల మీదా అడవి జంతువుల మీదా ఒకేసారి మనసున్న వాళ్లు తక్కువేమీ కాదు. పైగా రెండూ ఉండేది ఒకే నేలలో. కొప్పళ, బళ్లారి, చిత్రదుర్గ, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో రాతిగుట్టలూ, వాటి మధ్య గొర్రెలు మేసే బీళ్లూ ఈ రెండింటికీ ఉమ్మడి ఆస్తి. కానీ రోజుకు తెల్లవారుజాము ఒక్కటే వస్తుంది. దాన్ని దేనికి ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

"నాకు ఏది ఎక్కువ ఇష్టం" అనే ప్రశ్నతో మొదలుపెడితే తేలదు. "ఎలాంటి వట్టిచేతులను నేను ఓర్చుకోగలను" అని అడగండి. తోడేళ్ల కోసం వెళ్తే మూడు ఉదయాలు కూర్చున్నా ఏమీ కనిపించకపోవచ్చు. తవ్వకంలో రోజూ ఏదో ఒకటి దొరుకుతుంది, కానీ ఆ ఏదో ఒకటి తొంభై పాళ్లు కుండపెంకే. పది రోజులు పెంకులు కడిగి, ఆరబెట్టి, నంబర్లు వేయడమే పని కావచ్చు. శిలా స్థలాల్లో నిరాశ మరోరకం: అంతా కళ్లెదుటే ఉంటుంది, చదువుకుని వెళ్లకపోతే ఒక్కటీ అర్థం కాదు.

రెండోది అనుమతి. మూడోది మీతో వచ్చేవాళ్లు. పదేళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు, ఫోటోల పిచ్చి ఉన్న స్నేహితుడు, వీళ్లలో ఎవరు పక్కనుంటే ఎంపిక మారుతుందో కింద చూడండి. ఖర్చు సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. దుర్భిణి ఒక్కటి మినహాయిస్తే అన్నిటికీ అయ్యేది ప్రయాణం, బస, భోజనం.

| | తవ్వకంలో పని | కొండల్లో శిలా స్థలాలు | బెంగళూరు శాసనాలు | తోడేళ్ల పరిశీలన |
|---|---|---|---|---|
| కనీస సమయం | రెండు, మూడు వారాలు | రెండు రోజులు | ఒక పూట | మూడు ఉదయాలు |
| అనుమతి | తప్పనిసరి, దొరకడం కష్టం | చూడటానికి సాధారణంగా అక్కర్లేదు | గుడి, స్థలం వాళ్లను అడిగితే చాలు | రక్షిత ప్రాంతమైతే అటవీ శాఖది |
| మంచి కాలం | జనవరి నుంచి ఏప్రిల్ | నవంబరు నుంచి ఫిబ్రవరి | ఏడాది పొడవునా | నవంబరు నుంచి ఫిబ్రవరి |
| వట్టిచేతులతో తిరిగి రావడం | అరుదు | లేదు | లేదు | ఎక్కువ |
| పిల్లలతో | కుదరదు | కుదురుతుంది | బాగా కుదురుతుంది | పిల్లల ఓపికను బట్టి |

తవ్వకం: అందరూ అడిగేది, కొందరికే దొరికేది

డబ్బు కట్టి వారం రోజులు తవ్వి వచ్చే ఏర్పాట్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి. మన దగ్గర ఆ పద్ధతి దాదాపు లేదు. కేంద్ర పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఎవరూ తవ్వకం మొదలుపెట్టలేరు. అనుమతి ఉన్న బృందాలు తమ విద్యార్థులనే తీసుకుంటాయి. కాబట్టి ఈ దారి ఎవరికంటే, పురావస్తు శాస్త్రంలో చేరే ఆలోచన నిజంగా ఉన్నవాళ్లకు, లేదా ఏ విశ్వవిద్యాలయ శాఖతోనో ముందే పరిచయం ఉన్నవాళ్లకు. మైసూరు విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, పుణె డెక్కన్ కాలేజీల్లో ఇలాంటి శాఖలున్నాయి. అక్టోబరులోనే ఉత్తరం రాయండి. జనవరిలో రాస్తే బృందం అప్పటికే పొలంలో ఉంటుంది. ఉత్తరంలో "ఆసక్తి ఉంది" అని కాకుండా ఏం చేయగలరో రాయండి. సర్వే పరికరం వాడగలగడం, మ్యాపులు గీయడం, ఫోటోల నుంచి త్రీడీ నమూనా కట్టడం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకు కొత్త కాదు. బృందాలకు కొరత ఉండేది సరిగ్గా అక్కడే.

వెళ్తే పని ఇలా ఉంటుంది. మేకులు, దారంతో చతురస్రాలు కడతారు, సాధారణంగా ఐదు లేదా పది మీటర్లవి. రెండు గుంతల మధ్య అర మీటరు నుంచి మీటరు మందం గట్టు వదిలేస్తారు. ఆ గట్టు పక్కగోడలోనే పొరల చరిత్ర అంతా కనిపిస్తుంది కనుక దాని అంచు మీద కాలు పెట్టడం తవ్వకంలో మొదటి తప్పు. 1947లో చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వించింది ఈ పద్ధతిలోనే. కొత్తరాతి యుగం, దాని మీద ఇనుప యుగపు సమాధులు, ఆ పైన తొలి చారిత్రక కాలం అనే వరస దక్షిణాదికి అక్కడ స్థిరపడింది.

పలుగు, పార పైమట్టికే. తర్వాతంతా తాపీ, కుంచె, చేట. తీసిన మట్టి జల్లెడ పట్టాలి. పూసలు, చేప ఎముకలు, రాతి పెచ్చులు జల్లెడలోనే బయటపడతాయి, గుంతలో కంటికి ఆనవు. ప్రతి సంచికీ రెండు చీటీలు: ఒకటి లోపల, ఒకటి బయట. స్థలం, గుంత, పొర, లోతు, తేదీ. బయటి చీటీ ఎండకు వెలిసిపోతుంది, లోపలిది తడికి నానుతుంది, రెండూ ఒకేసారి పోవడం అరుదు. చీటీ లేని పెంకు రోడ్డు మీది పెంకుతో సమానం.

తప్పులు జరిగే చోట్లు మూడు. ఒకటి, అందంగా ఉందని కుండను నమోదు చేయకుండానే పైకి లాగడం. రెండు, కాలనిర్ణయానికి పనికొచ్చే బొగ్గును చేత్తో ముట్టుకోవడం. దాన్ని శుభ్రమైన తాపీ కొసతో ఎత్తి అల్యూమినియం రేకులో చుట్టాలి. మూడోది నల్లరేగడి నేలల్లోనే వచ్చే తంటా. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చుతుంది. పై పొరలోని పెంకు ఆ నెర్రెలో జారి మీటరు కింద కూర్చుంటుంది. వానకు నేల ఉబ్బి నెర్రె మూసుకుపోతుంది. పదేళ్ల కిందటి సీసాపెంకు మూడు వేల ఏళ్ల పొరలో కనిపిస్తే కంగారు పడకండి, మట్టి రంగు మారిన సన్నని నిలువు చార కోసం చూడండి.

ఒళ్లు సంగతి కూడా చెప్పాలి. ఉదయం ఆరున్నరకు వంగితే మధ్యాహ్నం దాకా వంగే ఉండాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు పెంకుల విభాగం అడగండి. అక్కడ పని నీడలో ఉంటుంది, నేర్చుకునేదీ ఎక్కువే. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకును చూడగానే ఇనుప యుగం అనుకోవడం, ఎందుకు అలా అనుకోకూడదో కూడా తెలుసుకోవడం ఆ బల్ల దగ్గరే అబ్బుతుంది.

కొండల్లో శిలా స్థలాలు

రెండు రోజులే ఉన్నవాళ్లలో ఎక్కువమందికి సరిపడేది ఇదే. తవ్వరు, ముట్టుకోరు. చూసి, కొలిచి, రాసుకుని వస్తారు.

గంగావతి దగ్గర హిరేబెణకల్ మొదటిది. బండరాతి కొండ మీద నాలుగు వందల దాకా ఇనుప యుగపు రాతి కట్టడాలు, నిలువెత్తు పలకలతో కట్టిన గదులు, కొన్నింటికి గుండ్రని కంత. ఆ కొండను స్థానికులు మోర్యర గుడ్డ అంటారు. మన వైపు ఇలాంటివాటినే రాక్షస గుళ్లు, పాండవుల గుళ్లు అంటాం. హిరేబెణకల్ 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఎక్కే దారి నిటారు, నీడ తక్కువ, పైన నీళ్లు దొరుకుతాయని నమ్మకం పెట్టుకోకండి. మనిషికి మూడు లీటర్లు మోయాల్సిందే. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇది వద్దు.

వాళ్లకు బళ్లారి దారి నయం. ఊరి పక్కనే సంగనకల్లు, కుప్గల్ గుట్టలు. కొత్తరాతి యుగపు గొడ్డళ్లు చెక్కిన చోటు, రాతి మీద ఎద్దుల బొమ్మలు, కొడితే గంటలా మోగే బండలు. బళ్లారిలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరు మీద మ్యూజియం ఉంది. ముందు మ్యూజియం, తర్వాత గుట్ట. ఈ వరస తారుమారైతే గుట్ట మీద రాళ్లే కనిపిస్తాయి. ఈ ప్రాంతపు బూడిద దిబ్బలు మరీ మోసం చేస్తాయి. చూడటానికి తెల్లటి మట్టికుప్ప. నాలుగైదు వేల ఏళ్ల కిందట పశువుల దొడ్లలో పేరిన పేడను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలినది అని తెలిస్తే తప్ప కాలు ఆగదు.

ఎన్‌హెచ్ 44 మీద ఊరికి వెళ్లే కర్నూలు, అనంతపురం వాళ్లకు ఎర్రగుడి ఉండనే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ దారిలో, పదిహేను కిలోమీటర్ల లోపే. అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలూ, చిన్న శాసనమూ ఒకే గుట్ట మీద. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, ఆ తర్వాతివి కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఎద్దులు మడి చివర తిరిగి కొత్త చాలు పట్టినట్టు. బ్రాహ్మి చదవడం రాకపోయినా సరే, కొన్ని అక్షరాలు ఒక పంక్తిలో ఒకవైపుకీ తర్వాతి దాంట్లో మరోవైపుకీ తిరగడం కనిపెట్టవచ్చు. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆట లేదు.

ఒక హెచ్చరిక. జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల తొలకరికి జనం పొలాల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటారు. ఆ రోజుల్లో మీరు కూడా నేల చూసుకుంటూ నడిస్తే ఇంకో ఆశావహుడు వచ్చాడనుకుంటారు, అంతే. కానీ చీకటి పడ్డాక టార్చితో రాక్షస గుళ్ల దగ్గర తిరిగితే గుప్తనిధుల వాళ్లనుకుంటారు. అది నవ్వుకునే విషయం కాదు, ఆ ముఠాలు నిజంగానే సమాధులు పగలగొట్టాయి. ఊళ్లోకి వెళ్లగానే సర్పంచికో, దేవాలయ పూజారికో, టీకొట్టు దగ్గరో ఎందుకొచ్చారో చెప్పండి.

నమోదు ఎలాగంటే: ముందు దూరం నుంచి మొత్తం కనిపించే ఫోటో, తర్వాత దగ్గరివి. ప్రతిదాంట్లో కొలబద్ద ఉండాలి. పెన్నో, చెయ్యో పెడితే కొలత కాదు. ఫోన్ చూపించే స్థానం నాలుగైదు మీటర్లు తప్పవచ్చు, కనుక పక్కపక్కనే ఉన్న కట్టడాలకు టేపు కొలతలు కూడా రాసుకోండి. గీతలు స్పష్టంగా పడాలంటే ఏటవాలు వెలుగు కావాలి. దాని కోసం సుద్దముక్కతో గీతలు దిద్దడం, నీళ్లు పోయడం, నూనె రాయడం చేయకండి. ఒకరు దిద్దిన తప్పుగీత తర్వాత వచ్చినవాళ్ల ఫోటోల్లో శాసనం అయి కూర్చుంటుంది.

పెంకు కనిపిస్తే జేబులో వేసుకోకండి. నేలలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. రక్షిత కట్టడం దగ్గరైతే నియమాలు ఇంకా గట్టివి. చట్టం మాట అటుంచినా, చోటు తప్పిన పెంకు ఎవరికీ ఏమీ చెప్పదు.

ఊరు దాటలేని వారానికి

ఒక పూటే ఉంటే బెంగళూరు శాసనాలు. బేగూరు నాగేశ్వరాలయంలో "బెంగళూరు" అన్న పేరు కనిపించే, సుమారు 890 నాటి వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి స్మారక శిల) ఉంది. హెబ్బాళలో కిత్తయ్య శాసనం దానికన్నా పాతది. బెంగళూరులోని చరిత్ర పరిశోధన సంస్థ మిథిక్ సొసైటీ వాళ్లు 2021 నుంచి ఊరి శాసనాలను త్రీడీలో స్కాన్ చేసి భద్రపరుస్తున్నారు. కన్నడం చదవడం వచ్చిన తెలుగువాళ్లకు పాత లిపి పట్టుబడటం తేలిక, రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు కదా. దుర్భిణి కొనడానికి ముందు, తవ్వకానికి ఉత్తరం రాయడానికి ముందు, నాలుగు ఆదివారాలు ఇది చేసి చూడండి. రాయి ముందు గంటసేపు కూర్చోలేనివాళ్లు బీడులో మూడు గంటలు కూర్చోలేరు.

తోడేళ్లు: ఎక్కడ, ఎలా

ద్వీపకల్పపు తోడేలు దట్టమైన అడవి జంతువు కాదు. గడ్డి, ముళ్లపొద, జొన్నచేను, గొర్రెలమంద ఉండే బీడు దాని ఇల్లు. దేశం మొత్తం మీద లెక్క మూడు వేల చిల్లర, పులుల కన్నా తక్కువ అని అంచనా. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ.

కొప్పళ జిల్లా బంకాపుర తోడేళ్ల పేరు మీదే ప్రకటించిన అభయారణ్యం. మాండ్య జిల్లా మేల్కోటెనూ 1974లో తోడేళ్ల కోసమే ప్రకటించారు గానీ, ఇప్పుడు చూడటానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నంద్యాల జిల్లా రోళ్లపాడు 1988లో బట్టమేక పిట్ట కోసం వెలిసింది. ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది, కృష్ణజింకలూ తోడేళ్లూ మిగిలాయి. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లు మాత్రమే. హిందూపురానికి దగ్గర్లో మైదనహళ్లి జింకల బీడు బెంగళూరు నుంచి సుమారు 150 కి.మీ. అక్కడ జింకలు ఖాయం, తోడేలు అదృష్టం. అలవాటు చేసుకోవడానికి మాత్రం మంచి చోటు. ఎలాగైనా చూసి తీరాలనుకుంటే గుజరాత్ వెళావదర్‌కో, పుణె జిల్లాలో అటవీ శాఖ సఫారీ నడిపే కడబన్‌వాడి బీళ్లకో పోవడం నయం. కానీ అది వేరే సెలవు.

ఇంత చిన్న రక్షిత బీళ్లలో తోడేలు కట్టుబడి ఉండదు. రాత్రికి చుట్టుపక్కల పొలాలన్నీ తిరుగుతుంది. అందుకే లోపలికి అనుమతి దొరకకపోయినా బెంగపడకండి, చుట్టూ ఉన్న మట్టిరోడ్ల మీద నుంచే చూడవచ్చు. ఆరు కాకముందే ఎత్తైన చోట ఉండాలి, గాలి మీ ముఖానికి తగలాలి. జంతువు కోసం కాదు, జంతువును చూసినవాటి కోసం చూడండి. మేస్తున్న గొర్రెలన్నీ ఒక్కసారి తలెత్తి ఒకే దిక్కు చూడటం, తీతువు పిట్ట ఆగకుండా అరవడం, కాపరి కుక్క లేచి నిలబడటం, ఇవన్నీ తోడేలు కన్నా ముందు కనిపిస్తాయి.

దుర్భిణి 8×42 (ఎనిమిదింతలు పెంచేది, ముందు కటకం 42 మి.మీ.) చాలు. పదింతలదైతే చేయి వణుకు ఎక్కువ తెలుస్తుంది. స్టాండు మీద పెట్టే పెద్ద టెలిస్కోపు ఉంటే నాలుగైదు వందల మీటర్ల నుంచి ముఖం కూడా చూడవచ్చు. కానీ ఉదయం తొమ్మిదికల్లా నేల వేడెక్కి గాలి తెరలు తెరలుగా ఊగుతుంది. అప్పుడు అరవై ఇంతలు పెంచితే అరవై ఇంతల మసకే కనిపిస్తుంది. ఇరవైకి దించండి, లేదా టిఫిన్‌కు వెళ్లండి.

పొరపాట్లు ఎక్కువ జరిగేది గుర్తుపట్టడంలో. నక్క చిన్నది, పొట్టి కాళ్లది. దుమ్ములగొండికి ముందు ఎత్తు, వెనక పల్లం, ఒంటి మీద చారలు. అసలు గందరగోళం ఊరకుక్కతో. తోడేలు కాళ్లు పొడవు, ఛాతీ ఇరుకు, తోక కిందికి వేలాడుతూ కొస నల్లగా ఉంటుంది. నడక చూడండి: ఎక్కడికి పోవాలో ముందే తెలిసినట్టు తిన్నగా పోతుంది. కుక్క దారిలో ప్రతి రాయినీ పలకరించి పోతుంది. అడుగుజాడలకూ ఇదే గుర్తు.

పిల్లలు పుట్టేది ఎక్కువగా డిసెంబరు, జనవరి చుట్టూ. చూడటానికి మంచి కాలమూ అదే కావడం వాటి దురదృష్టం. గుహ కనిపిస్తే అటే తిరిగి వచ్చేయండి. మనిషి అలికిడి తగిలితే తల్లి పిల్లలను నోట కరుచుకుని చోటు మారుస్తుంది, ఆ మార్పులో కొన్ని పోతాయి. కాపరికి డబ్బిచ్చి గుహ చూపించమనడం అన్నిటికన్నా చెడ్డ పని. రేపు ఇంకొకడు ఇంకో వంద ఎక్కువిస్తాడు. గొర్రె పోయిన కాపరికి ఆ గుహ దారి తెలియడం పిల్లలకు చావే. ఫోటోల్లో స్థలం పేరు పెట్టకండి, కారుతో వెంటపడకండి.

పిల్లలతో వెళ్లేవాళ్లు అడిగేది, ప్రమాదమా అని. ఉత్తరప్రదేశ్ బహ్రాయిచ్‌లో 2024లో పసిపిల్లల మీద దాడులు జరిగిన మాట నిజం. పగటిపూట పెద్దల పక్కన, కారు దగ్గర కూర్చున్నవాళ్లకు మన బీళ్లలో ఎక్కువ భయం కాపరి కుక్కలతోనే. మంద వైపు నేరుగా నడవకండి. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి. గుట్టల్లో అయితే ఎలుగుబంటి, రాళ్ల కింద తేలు, చిన్నపింజరి. రాయి తిరగేయవద్దని చెప్పడానికి పురావస్తు నియమం ఒక్కటే కారణం కాదు.

నాలుగు రోజులుంటే, రెండూ కావాలంటే

సంక్రాంతికి ఊరు వెళ్లేవాళ్లకు గుత్తి, కర్నూలు దారి. ఉదయం బయల్దేరి సాయంత్రం నాలుగుకు ఎర్రగుడి, ఏటవాలు వెలుగు అప్పుడూ దొరుకుతుంది. రాత్రి కర్నూలులోనో నందికొట్కూరులోనో ఉండి మర్నాడు తెల్లవారుజాముకు రోళ్లపాడు. అమ్మానాన్నలు కారులోనే కూర్చోవచ్చు.

కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు కొప్పళ దారి. బెంగళూరు నుంచి హంపి ఎక్స్‌ప్రెస్ రాత్రికి రాత్రి హొసపేట, కొప్పళకు చేరుస్తుంది. అక్కడి నుంచి గంగావతి చేరి అటవీ కార్యాలయంలో మాట్లాడుకోండి. రెండు తెల్లవారుజాములు బంకాపుర బీడుకు ఇవ్వండి. హిరేబెణకల్‌కు తెల్లవారుజాము ఎలాగూ మంచిది కాదు, ఎలుగులు తిరిగే వేళ అది. ఎనిమిదికి ఎక్కి పదకొండుకల్లా దిగండి. కొప్పళ ఊరి పక్కన గవిమఠం, పాల్కిగుండు అశోక శాసనాలకు సాయంత్రం సరిపోతుంది. రెండు ఉదయాలూ తోడేలు కనిపించకపోతే మూడోది కూడా బీడుకే ఇవ్వండి. అశోకుడి రాయి వచ్చే వారమూ అక్కడే ఉంటుంది, జొన్న కోతలు అయిపోయిన బీడు మాత్రం మళ్లీ ఏడాదికి గానీ ఇలా ఉండదు.